మిరపకాయ తినని కుందేలు

ఈ మధ్య నాకు మధ్యాహ్నం మూడింటికి ఒక ఉద్యోగం పడింది. జీతం లేదు. పక్కింట్లో ఉండే తెలంగాణ అమ్మాయి, ఇక్కడ జర్మనీలోనే వాల్డార్ఫ్ అనే ఊళ్ళో సాఫ్ట్‌వేర్ పని చేస్తుంది, ఒకరోజు తలుపు తట్టి, "ఆంటీ, మీటింగులు ఐదింటి దాంక ఐతున్నయ్, పిల్లని కీటా నుంచి మీరు కొంచెం తీస్కొస్తరా" అని అడిగింది. మోకాళ్ళ నొప్పులని చెప్పొచ్చు. చెప్పలేదు. కాదనడం నాకు చిన్నప్పట్నించీ చేతకాదు. దాని ఫలితం అరవై దాటాక కూడా అనుభవిస్తున్నాను.

కీటా అంటే పిల్లల్ని చూసుకునే బడి. మా వీధి నుంచి పావుగంట నడక, మధ్యలో ఒక గోధుమ చేను, చేను పక్కన ముళ్ళ కంచె. పిల్లకి ఐదేళ్ళు. నన్ను ఓమా అంటుంది, అంటే ఇక్కడి భాషలో అమ్మమ్మ. నేను తెలుగులో అడుగుతాను, అది జర్మన్‌లో జవాబిస్తుంది, ఇద్దరికీ ఏ లోటూ లేదు. మొన్న సోమవారం కంచె దగ్గరికి రాగానే నా చెయ్యి వదిలేసి, సంచీలోంచి టిఫిను డబ్బా తీసి, చక్కగా కూర్చుని, మూత తీసి కంచె కింద బోర్లించింది. నాలుగు ఇడ్లీ ముక్కలు, కారప్పొడి, నెయ్యి. ఒక్క ముక్కా కొరికిన గుర్తు లేదు. అడుగు కూడా రెండుసార్లు తట్టింది.

"ఏం చేస్తున్నావే?" అన్నాను.

కుందేలుకి పెడుతున్నానని జర్మన్‌లో చెప్పింది. కీటాలో పిల్లలు కంపు అంటున్నారట. ఆ మాట కూడా మామూలుగానే చెప్పింది, వాన పడుతోందని చెప్పినట్టు. డబ్బా మూత బిగించి, లేచి, నా చెయ్యి మళ్ళీ పట్టుకుని, "అమ్మకి చెప్పొద్దు" అంది. ఆ ఒక్క ముక్క మాత్రం తెలుగులో.

ఐదున్నరకి వాళ్ళమ్మ వచ్చింది. కోటు కూడా విప్పకుండా ముందు డబ్బా తెరిచి చూసింది. "చూశిన్రా ఆంటీ, ఇయ్యాల కూడా మొత్తం తిన్నది. పొద్దుగాల ఐదింటికి లేచి చేస్త నేను. ఈ ఖాళీ డబ్బ చూస్తే చాలు, నా అలుపంత పోతది" అంది. పిల్ల బూట్లు తొడుక్కుంటూ నా వైపు చూసింది.

నేను "ఊఁ" అన్నాను.

వాళ్ళు వెళ్ళాక సోఫాలో కూలబడ్డాను. అలసట మోకాళ్ళది కాదు. ఆ ఊఁ నేను ఇంతకు ముందు కూడా ఒకసారి అన్నాను. అప్పుడు నాకు ఏడేళ్ళు. ఇదే దేశం. ఆ అమ్మ మా అమ్మ.

మా నాన్న డాక్టరు. ఇక్కడికి మనవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టే రోజుల్లోనే వచ్చాడు. హార్జ్ కొండల్లో ఒక ఆస్పత్రి. రెండేళ్ళు ఒక్కడే ఉండి, తర్వాత అమ్మనీ నన్నూ రప్పించుకున్నాడు. ఆ ఊళ్ళో చలికాలం అక్టోబరులో వచ్చి కూర్చుంటే ఏప్రిల్‌కి గానీ లేచేది కాదు. మేముండేది ఒక చెక్క ఇంటి పై అంతస్తు. కింద ఇంటావిడ. గనిలో పనిచేసి పోయినాయన భార్య, డెబ్భై ఏళ్ళది, గడ్డం కింద నాలుగు వెంట్రుకలూ, నోటి నిండా కథలూ. మెట్ల దగ్గర నిలబడితే కింది నుంచి బొగ్గు పొయ్యి వాసన, నేలకి రాసే మైనం వాసన, ఉడికిన క్యాబేజీ వాసన. పై నుంచి ఇంగువ. నడిమెట్టు మీద కూర్చుంటే రెండూ కలిసి వచ్చేవి. నేను ఎక్కువగా అక్కడే కూర్చునేదాన్ని.

అమ్మకి భాష రాదు. వచ్చిన కొత్తలో చీర మీద కోటు వేసుకుని రొట్టెల దుకాణం దాకా వెళ్ళి, వేలు చూపించి కొనుక్కుని, చిల్లర లెక్కపెట్టకుండానే వచ్చేసేది. మొదటి మంచు పడేసరికి అదీ మానేసింది. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని రోడ్డు వంక చూస్తూ కూర్చునేది. కొన్ని రోజులు జడ కూడా వేసుకునేది కాదు. ఊళ్ళో ఉన్నప్పుడు పది మందికి సమాధానం చెప్పే మనిషి. ఇక్కడ నోరు తెరిస్తే వినడానికి నేనూ, గోడలూ.

అమ్మ ఒకే ఒక్క పనికి లేచేది. నాన్న డబ్బాకి. పొద్దున్నే అయిదింటికి, చీకట్లో, కరెంటు పొయ్యి మీద. మన ఊరి నుంచి తెచ్చుకున్న ట్రంకు పెట్టెలో చింతపండు, ఎండుమిరపకాయలు, ఆవాలు, పసుపు, పొట్లం కట్టిన ఎండు కరివేపాకు ఉండేవి. వాటిని బంగారంలా వాడేది. ఇక్కడి బియ్యం ముద్దయ్యేది, ఆ ముద్దనే పళ్ళెంలో ఆరబెట్టి, నిమ్మకాయ పిండి, పోపు పెట్టి, స్టీలు డబ్బాలో అణిచి, గుడ్డలో కట్టి నాన్న చేతికిచ్చేది. పన్నెండున్నర అయ్యేసరికి గడియారం వంక చూసి, "ఇప్పుడు తెరిచి ఉంటారు" అనేది. ఆ మాట అన్నప్పుడు మొహంలోకి కాస్త రక్తం వచ్చేది. సాయంత్రం నాన్న రాగానే "తిన్నారా?" అని అడిగేది. "ఆఁ, బ్రహ్మాండం" అనేవాడు నాన్న. అంతే, అమ్మకి మర్నాడు లేవడానికి అది చాలు. ఏడేళ్ళ పిల్లకి ఏం తెలుస్తుందంటారు గానీ, ఆ డబ్బా ఆగితే అమ్మ ఆగిపోతుందని నాకు స్పష్టంగా తెలుసు.

ఇంటావిడకి కుందేళ్ళ పిచ్చి. పెంచడం కాదు, మాటల్లో. పిరికివాణ్ణి కుందేలు అనేది, పని బాగా తెలిసినవాణ్ణి ముసలి కుందేలు అనేది. ఏదైనా గొడవకి అసలు కారణం దొరికితే, "అదీ సంగతి, కుందేలు మిరియాల్లో పడుకుని ఉంది" అనేది. కుందేలు మిరియాల్లో ఎందుకు పడుకుందని అడిగితే, వండితే పడుకోదా అని నవ్వేది. నాకు వారం రోజులు అన్నం సయించలేదు.

అమ్మ కూడా ఏం తక్కువ తినలేదు. బావిలో నీడ చూపించి సింహాన్ని దూకించిన కుందేలు కథ అమ్మ నాకు వందసార్లు చెప్పి ఉంటుంది. ఒక సాయంత్రం పెరట్లో ముగ్గురం నిలబడి ఉండగా పున్నమి చంద్రుడు వచ్చాడు. ఇంటావిడ చూపించి, అదుగో, కట్టెలమోపు మోస్తున్న మనిషి, ఆదివారం పూట కట్టెలు కొట్టినందుకు అక్కడికి పంపారు, అంది. నేను అమ్మకి చెప్పాను. "మనిషేమిటి, చెవులు కనబడట్లా? కుందేలు. ఆవిణ్ణి కళ్ళజోడు తుడుచుకోమను" అంది అమ్మ. నేను ఇంటావిడతో, చంద్రుడు చాలా బాగున్నాడంటోంది అమ్మ అని చెప్పాను. ఆవిడ సంతోషించింది. అమ్మ తన మాటే చెప్పాననుకుని సంతోషించింది. దుబాసీ పని నాకు అప్పుడే వంటబట్టింది. ఎవరికి ఏది చెప్పకూడదో తెలిస్తే చాలు.

ఆ నవంబరులోనే నాకు ఎర్ర బూట్లు కావాలనిపించింది. అడిగితే అమ్మ, "కుందేలుకి కొమ్ములు మొలిచినప్పుడు కొంటాలే" అంది. మన ఇళ్ళల్లో ఆ మాటంటే ఇక అడగొద్దని. అయితే ఆ ఆదివారం నాన్న నన్ను వేటగాళ్ళు కూర్చునే ఒక సత్రానికి తీసుకెళ్ళాడు, వేడి పాలు తాగించడానికి. గోడ మీద, సీసాల పైన, ఒక కుందేలు తల. తల మీద శుభ్రంగా కొమ్ములు. చిన్న దుప్పి కొమ్ములు తెచ్చి అతికించారని, ఆ కొండల్లో అదొక పాత హాస్యమని తర్వాతెప్పుడో తెలిసింది. అప్పుడు మాత్రం పాలు వదిలేసి ఇంటికి పరిగెత్తాను. "అమ్మా, మొలిచాయి. నేను చూశాను. నాన్నని అడుగు." వెనకాలే రొప్పుతూ వచ్చిన నాన్న, మొహం ఏ మాత్రం మార్చకుండా, "అవునే, ఉన్నాయి. నేనూ చూశాను" అన్నాడు.

అమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఈ దేశంలో ఒక మాట అనడానికి లేకుండా పోయింది" అంది. బూట్లు వచ్చాయి. నాన్న అబద్ధం అంత నున్నగా చెప్పగలడని నాకు తట్టలేదు. అమ్మకి తట్టిందేమో.

డిసెంబరు మొదట్లో నాన్న ఒక సాయంత్రం కోటు జేబులోంచి కాగితం పొట్లం తీసి నాకిచ్చాడు. అందులో సగం రొట్టె. వెన్న రాసి మధ్యలో జున్ను ముక్క పెట్టింది, అంచులు ఎండిపోయి కాస్త పైకి లేచాయి. "దారిలో కుందేలు ఇచ్చింది" అన్నాడు. ఆ మాట ఇంటావిడ దగ్గర విన్నదే. అక్కడ అదొక అలవాటు. గని నుంచో అడవి నుంచో వచ్చే తండ్రులు తినగా మిగిలిన రొట్టె ఇంటికి తెచ్చి, కుందేలు పంపించిందని పిల్లలకి పెట్టేవారు. దానికి పేరు కూడా కుందేలు రొట్టే. కొత్త రొట్టె ఇంట్లో ఉన్నా పిల్లలు ఆ ఎండిన దాని కోసమే కొట్టుకునేవారట. అబద్ధం కాదు, నేనూ అంతే. రోజంతా జేబులో నలిగి, నాన్న కోటు వాసనా ఆస్పత్రి మందుల వాసనా పట్టిన ఆ రొట్టె రుచి మళ్ళీ ఎక్కడా తగల్లేదు. మెట్ల మీద కూర్చుని, గోరంత గోరంత కొరుక్కుని తినేదాన్ని.

అమ్మ అడిగింది ఒకరోజు. "ఏ కుందేలైనా ఊరికే ఇస్తుందటండీ? మన దగ్గర ఏం పుచ్చుకుంటోంది?"

నాన్న నవ్వి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

నాకు ఆ కుందేల్ని చూడాలని పట్టుకుంది. ఇంటావిడని పీక్కుతింటే, మంచులో అడుగులు ఎలా పోల్చుకోవాలో చెప్పింది. ముందు కాళ్ళవి చిన్నవి వెనకా, వెనక కాళ్ళవి పెద్దవి ముందూ పడతాయి, గెంతు అలాంటిది అంది. మర్నాడు బడి నుంచి వస్తూ చూస్తే దారి పక్కనున్న చేను అంచున నిజంగానే ఉన్నాయి. పెద్దవి రెండు, వాటి వెనక ఒక్కటే చిన్నది. లోతు మంచులో ముందు కాళ్ళు రెండూ ఒకే గుంటలో పడ్డాయి కాబోలు. నాకు అంత బుర్ర ఎక్కడిది. ఇంటికి వెళ్ళి, "అమ్మా, ఇక్కడి కుందేళ్ళకి నిజంగానే మూడే కాళ్ళు" అన్నాను.

అమ్మ ఫక్కున నవ్వింది. కుర్చీలో వెనక్కి వాలి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేలా. "మీ నాన్న పట్టి ఉంటారు దాన్ని" అంది. ఆ చలికాలంలో అమ్మ అలా నవ్వడం అదొక్కసారే చూశాను.

ఇంకో నాలుగు రోజులకి ఆ అడుగుల వెంట పోయాను. బడి పన్నెండింటికే వదిలేసేవారు. దారి వదిలి, ఎర్ర బూట్లు మంచులో దిగబడుతుంటే, చేను చివర అడవి మొదలయ్యే చోటు దాకా. ఆస్పత్రి వెనక గోడ అక్కణ్ణించి కనబడుతుంది. నరికిన చెట్టు మొదలు దగ్గర ఎవరో వంగి ఉన్నారు. తెల్ల కోటు మీద నల్ల కోటు. చేతిలో మా స్టీలు డబ్బా. దాన్ని బోర్లించి, అడుగు మీద రెండుసార్లు తట్టాడు. మంచు మీద పచ్చగా అన్నం.

నేను "నాన్నా" అన్నాను.

నాన్న తిరిగాడు. ఆ మనిషి మొహం అలా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత నా పక్కకి వచ్చి, మంచులోనే గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మలూ, మొదటి నెలంతా తిన్నాను. దొంగతనంగా, ఆస్పత్రి దుప్పట్లు పెట్టే గదిలో నిలబడి. ఒక ముసలాయన గుండె వినడానికి వంగితే మొహం అటు తిప్పుకున్నాడు. తర్వాత నర్సుని అడిగాడట, డాక్టరు గోళ్ళు పచ్చగా ఉన్నాయి, ఆయనకే కామెర్లేమో చూడండి అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను." చేతి గోళ్ళ వంక చూసుకున్నాడు. "అన్నం చెత్తలో వెయ్యడానికి చెయ్యి రాలేదే. ఇక్కడైతే ఏ నోరు లేని జీవమో తింటుందని."

"మరి రొట్టె?"

"క్యాంటీన్‌లో కొంటాను. సగం నీకు ఉంచుతాను."

నాకు రొట్టె కంటే ముందు అమ్మ గుర్తొచ్చింది. అయిదింటికి లేచే అమ్మ. పన్నెండున్నరకి గడియారం వంక చూసే అమ్మ. సరిగ్గా అప్పుడే ఎక్కడో గంట కొట్టారు కూడా. అమ్మ ఈపాటికి అనుకుని ఉంటుంది, తెరిచి ఉంటారని.

"అమ్మకి చెప్పకు. తట్టుకోలేదు" అన్నాడు నాన్న.

ఆ సాయంత్రం అమ్మ డబ్బా విప్పుతూ, "మొత్తం తిన్నారు మీ నాన్న, చూశావా" అని నాకు చూపించింది. నేను ఊఁ అన్నాను.

అప్పట్నించి నాలుగు నెలలు నేను బతికిన బతుకు పగవాడికి కూడా వద్దు. రోజూ పొద్దున్నే పోపు వాసన దుప్పట్లో దాకా వచ్చి లేపేది, లేవబుద్ధయ్యేది కాదు. రొట్టె తెస్తే తినేదాన్ని. తినకపోతే అనుమానం వస్తుంది కదా. నాన్నా నేనూ ఒకరి కళ్ళల్లోకి ఒకరు చూసుకోవడం మానేశాం. ఎక్కడ నోరు జారుతానో అని అమ్మ దగ్గర మాటలు తగ్గించాను. పాపం, ఆవిడకి మాట్లాడడానికి ఉన్నది నేనొక్కదాన్నే. ఇద్దర్నీ కాపాడుతున్నాననుకుని అమ్మని ఇంకా ఒంటరిదాన్ని చేశాను. ఇది ఇప్పుడు చెప్పగలుగుతున్న మాట. అప్పుడు ఉత్త కడుపునొప్పి.

జనవరిలో ఒకటి గమనించాను. అమ్మ రెండు పోపులు వేస్తోంది. డబ్బాలోకి ఒకటి, ఇంట్లోకి ఒకటి. ఎందుకని అడిగితే, "డబ్బాలోకి వేరే" అంది. నాన్న కడుపులో మంట అన్నాడేమో అనుకున్నాను. ఒకసారి పీట మీద క్యారట్ సన్నగా తరిగి ఉంది. కూరకి అనుకున్నాను.

మంచు కరిగి ఈస్టరు వచ్చింది. ఇక్కడ ఆ పండక్కి కుందేలు రంగు గుడ్లు తెచ్చి గడ్డిలో దాస్తుందని పిల్లలకి చెబుతారు. కుందేలు గుడ్లు పెట్టడమేమిటని అడిగితే అమ్మ, "రొట్టెలిచ్చేది గుడ్లు పెట్టదా ఏం" అంది. ఆదివారం పొద్దున్న ఇంటావిడ పైకి వచ్చి, చేను దాకా నడుద్దాం, అమ్మని కూడా తీసుకురా, ఈ మనిషి ఎండ మొహం చూసి ఆర్నెల్లయింది అని పట్టుబట్టింది. అమ్మ రాదనుకున్నాను. "పదండి" అంది. జడ వేసుకుంది. వంటింట్లోకి వెళ్ళి డబ్బా గుడ్డలో కట్టుకుని వచ్చింది.

నాన్న ఆ డబ్బా చూశాడు. నేను నాన్నని చూశాను.

ఎక్కడెక్కడో తిరిగి చివరికి ఇంటావిడ మమ్మల్ని తీసుకొచ్చింది ఆ చెట్టు మొదలు దగ్గరికే. గుడ్లు అక్కడ దాచిందట. నేను వెతుకుతున్నట్టు నటించాను. అన్నం మెతుకు ఏదైనా మిగిలి ఉందేమో అని నా కళ్ళు గడ్డిలో వెతుకుతున్నాయి. ఇంటావిడ తెలిసినవాళ్ళెవరో కనబడితే అటు వెళ్ళింది. అమ్మ చెట్టు మొదలు మీద గుడ్డ పరిచి, డబ్బా మూత తీసి, నాన్న ముందు పెట్టింది. "తినండి. చల్లారితే బాగోదు."

నాన్న చుట్టూ చూసి, చేత్తోనే కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఆగాడు. డబ్బాలోకి వంగి చూశాడు.

"ఇదేమిటే, పులిహోరలో క్యారట్టా? మిరపకాయ కూడా వేసినట్టు లేదే?"

అమ్మ చేను వంక చూస్తోంది. గొంతు కాస్తయినా పెంచలేదు.

"సంక్రాంతి ముందు నుంచీ ఇలాగే కడుతున్నా కదండీ. రోజూ బ్రహ్మాండం అన్నారుగా."

నాన్న చెయ్యి డబ్బా అంచు మీద ఆగిపోయింది. దూరంగా ఇంటావిడ ఎవరితోనో నవ్వుతోంది. అమ్మ ఇంకొక్క మాటే అంది. "అది కారం తినలేదేమో అని."

నాన్న ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. తల వంచుకుని రెండో ముద్ద కలుపుకున్నాడు, మూడోది. డబ్బా అంతా తిన్నాడు. మా నాన్నకి కరివేపాకు పడదు. ఆకు ఆకూ ఏరి మూతలో పెట్టడం ఆయన పుట్టి బుద్ధెరిగినప్పట్నించీ అలవాటు. ఆ రోజు మూతలో ఒక్క ఆకు పెట్టలేదు. అన్నీ నమిలి మింగాడు.

ఇంటికొచ్చాక అమ్మ డబ్బా తోముతుంటే పక్కన నిలబడ్డాను. "నీకెప్పుడు తెలుసు?" అన్నాను.

"నీకు రొట్టె తేవడం మొదలెట్టిన వారమే. డబ్బా ఖాళీగా వచ్చింది గానీ మూతలో కరివేపాకు లేదు. మీ నాన్న తింటే ఆకు ఉండాలి, పారేస్తే ఉండదు. ఈమాత్రం తెలియకపోతే కాపురం చేస్తున్నట్టా?"

"మరి ఎందుకు వండావమ్మా రోజూ?"

అమ్మ చెయ్యి ఆగింది. కుళాయి కింద నీళ్ళు అలాగే పోతున్నాయి. "ఎక్కడ పారేస్తున్నారో తెలీదు, ఏ కుందేలో తింటోందనుకున్నాను. అదీ మానేస్తే పొద్దున్నే నేను ఎందుకు లేవాలే?" అంది. తర్వాత నా గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది. "నీకు తెలుసని కూడా తెలుసు. డబ్బా వంక చూడడం మానేశావు నువ్వు. చెప్పొచ్చుగా తల్లీ. నాకు తోడుండేదానివి."

ఆ మాట ఇప్పటికీ ఇక్కడ గుచ్చుకునే ఉంది.

సోమవారం కూడా సెలవే. మంగళవారం అమ్మ డబ్బా కట్టలేదు, నాన్న అడగలేదు. పన్నెండూ ముప్పావుకి మెట్ల మీద బూట్ల చప్పుడు. నాన్న. ఆస్పత్రి నుంచి ఇరవై నిమిషాలు నడిచి వచ్చాడు, తిన్నాడు, బ్రష్షు పెట్టి గోళ్ళు రుద్దుకున్నాడు, మళ్ళీ ఇరవై నిమిషాలు నడిచి వెళ్ళాడు. రిటైరయ్యే దాకా అంతే. మంచులో, వానలో, అరవై నిండిన మోకాళ్ళతో కూడా. వాళ్ళిద్దరూ దాని గురించి ఒక్క మాట అనుకోగా నేను వినలేదు. మిరపకాయలు పులిహోరలోకి తిరిగి వచ్చాయి. ఆ వేసవిలో అమ్మ ఇంటావిడ దగ్గర యాభై మాటలు నేర్చుకుని రొట్టెల దుకాణంలో చిల్లర లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

నాకు మాత్రం కుందేలు రొట్టె మళ్ళీ దొరకలేదు. ఇంటికొచ్చి తినే మనిషి దగ్గర ఏం మిగులుతుంది. అడుగుదామనుకుని అడగలేదు. ఆ కుందేల్ని కూడా ఒక్కసారి చూడలేదు నేను. ఆ అన్నం కాకులే తిన్నాయేమో. ఎవరూ చూడని జంతువుకి కారం పడదని మిరపకాయ మానేసిన మనిషి ఇప్పుడు లేదు. గోళ్ళు రుద్దుకున్న మనిషీ లేడు. ఇంటావిడ సరే, ఎప్పుడో పోయింది. ఆ ఇల్లు ఎవరో కొనుక్కుని చెక్కల మీద తెల్లరంగు వేశారు. సంచీలో కూరల బరువు తగ్గినా భుజం నొప్పి తగ్గనట్టు, వాళ్ళ రహస్యాల బరువు నా ఒంట్లో ఉండిపోయింది. ఎవరు ఏం దాస్తున్నా ముందు నా కడుపే నొప్పెడుతుంది.

ఇవాళ శుక్రవారం. కంచె దగ్గర పిల్ల మళ్ళీ డబ్బా తీసింది. ఉప్మా. బోర్లించింది, తట్టింది, నా వంక చూసింది. నేను దాని పక్కన గడ్డిలో కూర్చున్నాను, లేవడానికి ఎంత కష్టమో తెలిసీ. "నీ అంతప్పుడు నేనూ దాచాను. తప్పు చేశాను. ఇవాళ అమ్మకి చెబుదాం. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అన్నాను. చాలాసేపు గడ్డి పీకింది. "నువ్వు" అంది. తెలుగులోనే.

ఐదున్నరకి వాళ్ళమ్మ వచ్చింది. కళ్ళ కింద నల్లగా, భుజాన లాప్‌టాప్ సంచీ. డబ్బా తెరిచింది, నవ్వింది.

"సోమవారం నుంచి దాంట్లో పచ్చిమిరపకాయ వెయ్యకమ్మా" అన్నాను.

"ఎందుకాంటీ? మా పిల్లకి అలవాటే కదా."

పిల్ల వచ్చి నా చీర కుచ్చిళ్ళు పట్టుకుంది. నేను కుర్చీ లాగి ఆ అమ్మాయి ముందు వేశాను.

"పిల్లకి కాదు. ముందు కూర్చో, కోటు విప్పు. పొద్దున్నే అయిదింటికి లేచావు. టీ పెడతాను, తాగుతూ విను."

ఆ అమ్మాయి డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.